డిక్రీ మీ చేతిలో, ఆస్తి రిసీవరు చేతిలో

ఓఎస్ వేశాం, నెగ్గాం. ఈపీ వేశాం, ఇల్లు జప్తు చేయించాం. ఇక వేలమే తరువాయి అనుకుంటుండగా ఆయన ఐపీ పెట్టాడు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కానివ్వండి, వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర కానివ్వండి, నోటు మీద అప్పిచ్చి కోర్టు మెట్లెక్కినవాళ్లను కదిపితే కథ చాలాసార్లు ఈ మూడు మజిలీల మీదే నడుస్తుంది. ఓఎస్ అంటే అసలు దావా. ఈపీ అంటే వచ్చిన డిక్రీని అమలు చేయమని వేసే పిటిషన్. ఐపీ అంటే దివాలా పిటిషన్. మొదటి రెండూ అప్పిచ్చినవాడివి, మూడోది మాత్రం సాధారణంగా అప్పుపడ్డవాడిది.

ఐపీ మాట వినగానే ఊళ్లో రెండు తీర్పులు వెలువడతాయి. ఇచ్చినవాళ్లు ‘ఇక పైసా రాదు’ అంటారు. తీసుకున్నవాడు ‘ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు’ అంటాడు. కోర్టు నుంచి వచ్చిన నోటీసును మొదటివాళ్లు విసుగుతో మూల పడేస్తారు. రెండోవాడు పిటిషన్ నంబరు వేసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఇద్దరి లెక్కా తప్పే. ఐపీ వల్ల డిక్రీ చచ్చిపోదు, కానీ అది నిలబడిన చోటు మారుతుంది. తనఖా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. డబ్బు ఎవరికి వస్తుంది, ఎంత వస్తుంది అన్నదంతా ఈ తేడాలోనే ఉంది.

దీనికి ఆధారం ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 1907 నాటి చట్టాన్ని తీసేసి 1920లో తెచ్చినది. అప్పులు 500 రూపాయలకు చేరినా, డబ్బు డిక్రీ అమలులో అరెస్టయినా, అదే అమలులో ఆస్తి మీద జప్తు ఉన్నా, తీర్చలేని స్థితిలో ఉన్న మనిషి దివాలాకు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆ చట్టం అంటుంది. దివాలా తీసినవాడి దగ్గర పనిచేసిన గుమాస్తాకో కూలీకో జీతబాకీ ఉంటే ముందుగా చెల్లించమని కూడా చెబుతుంది. ఎంత మేరకు? మొత్తం 20 రూపాయలకు మించకుండా. వందేళ్ల కిందటి దయ అది. ఇప్పుడు చదివితే వెటకారంలా ఉంటుంది.

ఇంకో సంగతి గమనించారా? జప్తు ఉంటే దివాలాకు పోవచ్చు. అంటే మీరు ఎంతో శ్రమపడి చేయించిన జప్తే అవతలివాడికి ఐపీ తలుపు తీస్తుంది.

జప్తు అంటే హక్కు కాదు

కోర్టు అమీను వచ్చి, దండోరా వేయించి, గోడకు కాగితం అంటించి వెళ్లాక డిక్రీదారుకు ఆ ఇల్లు సగం తనదైపోయినట్టే ఉంటుంది. చట్టం అలా చూడదు. జప్తు అంటే ‘ఈ ఆస్తిని అమ్మకు, ఇంకొకరికి రాసివ్వకు’ అని బాకీదారుకు వేసిన ఆంక్ష. ఆంక్షను మీరి అమ్మితే, జప్తు కింద అమలు చేసుకోగల క్లెయిముల ముందు ఆ అమ్మకం చెల్లదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్ చెబుతుంది. అంతవరకే. ఆస్తిలో జప్తుదారుకు వాటా గానీ తనఖాదారుకుండే పట్టు గానీ పుట్టదు. దావా తేలకముందే వేయించే అటాచ్‌మెంట్ బిఫోర్ జడ్జిమెంట్ సంగతీ ఇంతే. ఫలానా వ్యాపారి మునిగిపోతున్నాడని వదంతి పుట్టగానే అందరికంటే ముందు జప్తు తెచ్చినవాడు గెలిచానని సంబరపడతాడు. ఆ సంబరం ఐపీ దాకానే.

కోర్టు ఒక మనిషిని దివాలాదారుగా ప్రకటించిన క్షణం అతని ఆస్తి యావత్తూ కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరుకో దఖలు పడుతుంది. చట్టంలో 28వ సెక్షన్ ఇది. మన జిల్లాల్లో ఈ పని అఫీషియల్ రిసీవరు చేస్తారు. అక్కడి నుంచి, ఆ దివాలాలో రుజువు చేసుకోదగ్గ బాకీ ఉన్న ఏ రుణదాతా ఆ ఆస్తి మీద విడిగా చేయి వేయడానికి లేదు, కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయడానికీ లేదు. పైగా ఈ ఉత్తర్వు వెనక్కి పాకుతుంది. పిటిషన్ దాఖలైన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క.

ఒక లెక్క వేసుకుందాం. పత్తి వ్యాపారి ఒకాయనకు 60 లక్షల ఇల్లు ఒక్కటే ఆస్తి అనుకోండి. దాన్ని బ్యాంకుకు తనఖా పెట్టాడు, వడ్డీతో బాకీ 40 లక్షలు. ఒక రుణదాతకు 12 లక్షల డిక్రీ ఉంది, ఇంటి మీద జప్తూ ఉంది. మిగతా బంధువులు, స్నేహితులు, సాటి వ్యాపారులు కలిసి 38 లక్షలకు ఉత్త ప్రాంసరీ నోట్లతో కూర్చున్నారు. ఐపీ లేకపోతే బ్యాంకు పోను మిగిలే 20 లక్షల్లో మన డిక్రీదారు తన 12 లక్షలూ లాగేసుకునేవాడు. నోట్లవాళ్లు ఇంకా దావా దశలోనే ఉండేవారు.

ఐపీ వచ్చింది. బ్యాంకు 40 లక్షలు తీసుకుని పక్కకు జరుగుతుంది. మిగిలిన 20 లక్షల్లో రిసీవరు ఖర్చులు, ఇతర కోర్టు ఖర్చులు కలిపి 2 లక్షలు పోయాయనుకుంటే, పంచడానికి 18 లక్షలు. పంచుకునేవాళ్ల మొత్తం బాకీ 50 లక్షలు. రూపాయికి 36 పైసలు. డిక్రీ ఉన్నవాడికీ అదే, నోటు ఉన్నవాడికీ అదే. డిక్రీదారుకు వచ్చేది 4 లక్షల 32 వేలు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి, స్టాంపు ఫీజు కట్టి, వకీలుకు ఇచ్చి తెచ్చుకున్న తీర్పు, ఏ కోర్టు గుమ్మమూ తొక్కని తోడల్లుడి నోటుతో ఒకే వరుసలో నిలబడుతుంది.

ఒక్క చిన్న ఊరట ఉంది. వేలం జరగకముందే ఐపీ అడ్మిట్ అయిందని తెలిస్తే, అమలు కోర్టు తన స్వాధీనంలో ఉన్న ఆస్తిని రిసీవరుకు అప్పగించాలని 52వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ డిక్రీ తెచ్చుకోవడానికీ అమలుకూ అయిన ఖర్చులు ఆ ఆస్తి మీద మొదటి చార్జిగా ఉంటాయి. అసలు బాకీకి ప్రాధాన్యం లేదు, దాని కోసం పెట్టిన కోర్టు ఖర్చుకు ఉంది. చట్టం మీ శ్రమకు దండం పెట్టి, మీ ముందుచూపును మాత్రం పట్టించుకోదన్నమాట. నన్నడిగితే ఇందులో అన్యాయమేమీ లేదు. అందరికంటే ముందు కోర్టుకు పరుగెత్తగలిగినవాడు తరచూ డబ్బున్న రుణదాతే. కూతురి పెళ్లికని దాచిన మూడు లక్షలు వడ్డీకిచ్చిన విశ్రాంత ఉద్యోగి పరుగెత్తలేడు.

పాట కొట్టేసిన రోజు

అయితే తేదీ తెచ్చే తేడా ఇక్కడ చాలా గట్టిది. వేలం ద్వారా గానీ మరో రకంగా గానీ అమలులో వసూలైన సొమ్ము, ఐపీని కోర్టు అడ్మిట్ చేసిన తేదీకంటే ముందే చేతికొచ్చి ఉంటే, అది డిక్రీదారుదే. 51వ సెక్షన్ ఆ మేరకు అతన్ని కాపాడుతుంది. ఒక రోజు తర్వాత వస్తే అందరిదీ. అందుకే అమలు కోర్టులో వేలం తేదీ దగ్గరపడే కొద్దీ రెండు పక్షాల వకీళ్లూ క్యాలెండరు చూస్తూ కూర్చుంటారు. ఈపీ వాయిదాకు వెళ్తే అవతలి వకీలు ‘ఐపీ అడ్మిట్ అయిందండీ’ అని మెమో పెట్టడం ఎంతమంది డిక్రీదారుల గుండెల్లో రాయి వేసిందో!

ఇక పాటలో కొన్నవాడి సంగతి. కోర్టు వేలంలో పాట కొట్టేసినవాడు అక్కడికక్కడే 25 శాతం, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. తర్వాత ఆ ఇంటి పాత యజమాని దివాలాదారని తేలితే కొన్నవాడి గతేమిటి? సదుద్దేశంతో కోర్టు వేలంలో కొన్నవాడికి రిసీవరు మీద కూడా చెల్లుబాటయ్యే హక్కు వస్తుందని అదే 51వ సెక్షన్ భరోసా ఇస్తుంది. ఈ మాట లేకపోతే కోర్టు వేలాల్లో పాట పాడేవాడే ఉండడు.

తనఖా కదలదు, అసలుదైతే

పై లెక్కలో బ్యాంకు ఎందుకు వరుసలో నిలబడలేదు? 28వ సెక్షన్ తన చివర్లో ఒక గీత గీసింది. సెక్యూరిటీ ఉన్న రుణదాత తన సెక్యూరిటీని వసూలు చేసుకునే అధికారాన్ని ఈ దివాలా తాకదు. రిసీవరుకు ఇల్లు వచ్చేది తనఖా బరువుతో సహా. బ్యాంకు కావాలంటే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి తన దారిన తాను అమ్ముకుంటుంది. బాకీ తీరగా మిగిలింది రిసీవరుకు పోతుంది. అమ్మినా బాకీ తీరకపోతే, ఆ కొరతకు బ్యాంకు కూడా అందరితోపాటు వరుసలోకి వస్తుంది.

ఈ రహస్యం పల్లెల్లో వడ్డీకిచ్చేవాళ్లకూ లీలగా తెలుసు. అందుకే కొందరు నోటుతోపాటు స్థలం మీద సేల్ అగ్రిమెంటు రాయించుకుంటారు. మరికొందరు ఒరిజినల్ దస్తావేజులు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. ఐపీ వచ్చాక ఆ కాగితాలు తెచ్చి వకీలు ముందు పెడితే ఆయన ముఖం చూడాలి. అమ్మకపు ఒప్పందం దానంతట అది స్థిరాస్తిలో హక్కును గానీ, దాని మీద చార్జిని గానీ సృష్టించదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ విడమరిచి చెబుతుంది. అప్పు కోసం రాయించుకున్న అగ్రిమెంటు తనఖా కాదు. దస్తావేజుల డిపాజిట్ తనఖా కావాలంటే ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో, బాకీకి హామీగా ఉంచుతున్నానన్న ఉద్దేశంతో అప్పగించి ఉండాలి. పల్లెలో అరుగు మీద చేతులు మారిన కాగితాలకు ఆ బలం ఉండదు. రిజిస్టరు చేసిన తనఖాకు అయ్యే ఖర్చు మిగుల్చుకున్నవాళ్లు చివరికి రూపాయికి ఇన్ని పైసలు లెక్కపెట్టుకునే వరుసలో తేలతారు.

మునుగుతున్నవాడు తనకు కావలసినవాళ్లను గట్టెక్కించాలని చూడటం కూడా కొత్త కాదు. ఐపీకి నెల ముందు ఒక్క రుణదాతకు మాత్రం తనఖా రాసిస్తాడు. మిగతావాళ్లను కాదని ఒకరికి పెద్దపీట వేసే ఇలాంటి లావాదేవీ పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో జరిగి ఉంటే రిసీవరు దాన్ని కొట్టివేయించగలడు. భార్య పేర గిఫ్టు, అన్న పేర చవక అమ్మకం లాంటివాటికి వెనక్కి రెండేళ్లు చూసే వీలుంది. సరైన ప్రతిఫలమిచ్చి, సదుద్దేశంతో కొన్నవాడి జోలికి మాత్రం పోరు.

అన్నిటికంటే తెలివైన ఎత్తు బావమరిది డిక్రీ. అసలు లేని అప్పుకు బావమరిది దావా వేస్తాడు, బావ కోర్టులో నోరెత్తడు, డిక్రీ వస్తుంది. రేపు పంపకంలో బావమరిది వాటాగా వచ్చింది తిరిగి ఆ ఇంటికే చేరుతుంది. మామూలుగా ఒక కోర్టు ఇచ్చిన డిక్రీని ఇంకో కోర్టు తవ్వి చూడదు. దివాలా కోర్టు మాత్రం తవ్వుతుంది. డిక్రీ వెనక నిజంగా బాకీ ఉందా, కుమ్మక్కా అని చూసే అధికారం దానికి ఉంది. అయితే ఎవరో ఒకరు లేచి అడగాలి. నోటీసును మూల పడేసిన రుణదాతలు అడగలేరు. తమ బాకీని రుజువు చేసుకుని రుణదాతల షెడ్యూలులో పేరు ఎక్కించుకోకపోతే ఆ 36 పైసలూ రావు.

పిటిషన్ వేస్తే చాలా?

చాలదు. 1920 చట్టం కింద పిటిషన్ వేసినంత మాత్రాన దావాలూ ఈపీలూ తమంతట తాము ఆగిపోవు. దివాలాదారుగా ప్రకటన వెలువడితేనే 28వ సెక్షన్ అడ్డుగోడ లేస్తుంది. ఈలోగా రక్షణ కావాలంటే కోర్టును విడిగా అడగాలి, ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. చెక్కు బౌన్సు కేసులో ముద్దాయిగా ఉన్నవాడికి ఐపీ నంబరు చూపిస్తే వాయిదా రావచ్చేమో గానీ, కేసు పోదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మనవాళ్లు ఫోన్లో ‘పిటిషన్ వేసేయ్, అన్నీ ఆగిపోతాయి’ అని సలహా చెప్పడం వెనక అక్కడి చట్టం ఉంది. అమెరికాలో దివాలా పిటిషన్ పడగానే వసూళ్ల మీద దానంతట అదే స్టే వస్తుంది. అక్కడ మరో తేడా మనకు తలకిందులుగా కనిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో కోర్టు తీర్పును కౌంటీ రికార్డుల్లో నమోదు చేయిస్తే, అది బాకీదారు ఇంటి మీద లియన్ అయి కూర్చుంటుంది. అంటే మన జప్తుకు లేని పట్టు అక్కడి తీర్పుకు ఉంది. చాప్టర్ 7 కింద విముక్తి దొరికినా పోయేది మనిషి మీద బాధ్యతే. ఇంటి మీది లియన్ ఉండిపోతుంది. చట్టం మినహాయించిన గృహ విలువను ఆ లియన్ తినేస్తోందని చూపి, దాన్ని తీసేయమని కోర్టును విడిగా అడగాలి. అడగడం మరిచిపోయినవాళ్లకు ఏళ్ల తర్వాత ఇల్లు అమ్ముకునే రోజున టైటిల్ కంపెనీ గుర్తుచేస్తుంది.

పిటిషన్ పడగానే తాత్కాలిక నిలుపుదల మన దేశంలో లేదనుకోకండి. 2016 దివాలా స్మృతిలో, వ్యక్తులకు ఉద్దేశించిన మూడో భాగంలో, 96వ సెక్షన్ అచ్చంగా అదే. కానీ ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. 2021 మేలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఫలితంగా, వందల కోట్లకు హామీ సంతకం పెట్టిన ప్రమోటరుకు దరఖాస్తు రోజు నుంచే ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. నరసరావుపేట కిరాణా వ్యాపారికి 1920 చట్టమే గతి. ఈ వ్యత్యాసం గురించి ఢిల్లీలో ఎవరికీ పెద్దగా తొందర ఉన్నట్టు లేదు.

జైలు, తాళం, మూడు నెలలు

అప్పు తీర్చకపోతే సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకు ఇప్పటికీ ఉంది. డిక్రీ 5 వేలు దాటితే గరిష్ఠంగా మూడు నెలలు. డబ్బు డిక్రీకి స్త్రీలను అరెస్టు చేయడానికి లేదు. జైలుకెళ్లొచ్చినా బాకీ రద్దు కాదు. అరెస్టయి కోర్టు ముందుకొచ్చినవాడు దివాలాకు వెళ్తానని, నెలలోగా దరఖాస్తు పెడతానని హామీ ఇస్తే విడుదల చేసే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇంకో అడుగు ముందుకేశారు. చేతిలో డబ్బుండీ ఎగ్గొట్టాలన్న దుర్బుద్ధి ఉంటే తప్ప, కేవలం లేమికి మనిషిని జైల్లో పెట్టడానికి లేదన్నారు. అప్పటి నుంచి అరెస్టు ఈపీలో బాకీదారు స్తోమతను చూపించాల్సిన భారం డిక్రీదారుదైంది.

ఐపీ బాకీదారు ఒక్కడి సొత్తు కాదు. అప్పులవాళ్లను తప్పించుకోవాలని రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోతే, చట్టం దృష్టిలో అదొక దివాలా చర్య. ‘ఇక చెల్లించలేను’ అని రుణదాతకు నోటీసివ్వడమూ అంతే. 500 రూపాయల నికర బాకీ ఉన్న ఏ రుణదాత అయినా దాన్ని పట్టుకుని అతన్ని దివాలాదారుగా ప్రకటించమని కోర్టుకు వెళ్లొచ్చు. అప్పుడు ఆస్తుల అక్రమ బదిలీలను వెనక్కి లాగే రిసీవరు అధికారాలన్నీ రుణదాతలకు అక్కరకొస్తాయి. కానీ ఆ చర్య జరిగిన మూడు నెలల్లోపే పిటిషన్ పడాలి. మనవాళ్లు ఆ మూడు నెలలూ పెద్దమనుషుల పంచాయితీల్లో, ‘పండగ వెళ్లాక మాట్లాడదాం’ అన్న కబుర్లలో గడిపేస్తారు. అవతలివాడు అమ్మేది అమ్మేసి, నాలుగో నెలలో తనే ఐపీ పెడతాడు.

స్థలం కొనేవాళ్లకు కూడా ఒక మాట. ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు చూసి సరిపెట్టుకోకండి. అమ్మేవాడి పేరుతో ఈకోర్ట్స్ వెబ్‌సైటులో వెతికితే ఐపీ ఉందేమో కనిపిస్తుంది. దివాలా ఉత్తర్వు పిటిషన్ తేదీ దాకా వెనక్కి పోతుంది కాబట్టి ఆ అయిదు నిమిషాల పని తప్పదు.

అన్నీ పోవు

దివాలా తీసినవాడి దగ్గర చట్టం కూడా కొన్ని వదిలేస్తుంది. మామూలు జప్తుకు ఏవి దొరకవో అవి రిసీవరుకూ దొరకవు. రైతు తాను ఉంటున్న ఇల్లు, అతని పశువులు, వ్యవసాయ పనిముట్లు, చేతివృత్తివాడి పనిముట్లు ఈ కోవలోవి. జీతంలో మొదటి వెయ్యి, ఆపై మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు కూడా. చిట్టీకి షూరిటీ సంతకం పెట్టి జీతం జప్తులో ఇరుక్కున్న టీచర్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. షూరిటీల గోడు అక్కడితో ఆగదు. అసలు బాకీదారు దివాలా నుంచి విముక్తి పొందినా, హామీ సంతకం పెట్టినవాడు విముక్తుడు కాడు. పాడుకున్నవాడు చేతులు దులుపుకుంటాడు, సంతకం పెట్టినవాడి జీతం కోత నడుస్తూనే ఉంటుంది.

ఆ విముక్తి కూడా అడగందే రాదు. ప్రకటన ఇచ్చేటప్పుడే, ఫలానా గడువులోగా డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకోవాలని కోర్టు చెబుతుంది. ఆస్తులు రూపాయికి 50 పైసలు కూడా చెల్లించే స్థితిలో లేకపోతే, అందుకు కారణం తన తప్పు కాదని చూపితే తప్ప, పూర్తి విముక్తి నిరాకరిస్తారు. మన పత్తి వ్యాపారి ఈ గీత కింద ఉన్నాడు. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, కోర్టు విధించిన మనోవర్తి విముక్తి తర్వాతా వెంటాడతాయి. అందాకా 50 రూపాయలైనా తన స్థితి చెప్పకుండా అప్పు తీసుకుంటే నేరం. విముక్తి లేని దివాలాదారు శాసనసభకో పార్లమెంటుకో వెళ్లడానికి రాజ్యాంగమే అనర్హుడన్నది.

ప్రకటన రాగానే పని అయిపోయిందనుకుని గడువు దాటిపోనిచ్చే బాకీదారులున్నారు. అప్పుడు కోర్టు ఆ ప్రకటనను రద్దు చేస్తుంది. రద్దయితే ఆస్తి కోర్టు చెప్పినవాళ్ల చేతికో, లేదంటే తిరిగి బాకీదారుకో వస్తుంది. దాంతోపాటు పాత డిక్రీ కూడా లేచి నిలబడుతుంది. డిక్రీ అమలుకు ఉన్న 12 ఏళ్ల కాలపరిమితిలో, ప్రకటన నుంచి రద్దు దాకా గడిచిన కాలాన్ని 78వ సెక్షన్ కింద మినహాయిస్తారు. కట్ట కట్టి అటకెక్కించిన ఆ డిక్రీ కాగితాలను దించి, తేదీలు సరిచూసుకుని, మళ్లీ ఈపీ వేయొచ్చు.